డెబ్భై ఎనిమిది బొమ్మలు... గుర్తుండేదెలా?

కట్టలో ఉండేవి 78 కార్డులు. నిటారుగా పడితే ఒక అర్థం, తలకిందులుగా పడితే మరో అర్థం. వెరసి 156! టారో నేర్చుకుందామని సరదాపడి పెట్టె కొన్నవాళ్లను మొదటి వారంలోనే హడలగొట్టే లెక్క ఇది. కాస్త ఓపిగ్గా చూస్తే మాత్రం ఆ కట్ట వెనక ఉన్నవి గుప్పెడు సూత్రాలూ బోలెడన్ని బొమ్మలూనే. వాటి కథ తెలిస్తే అర్థాలు గుర్తుంటాయి. ఆ అర్థాలను ఎంతవరకు పట్టించుకోవాలో కూడా తెలుస్తుంది.

కొత్త టారో పెట్టె విప్పితే కార్డులతోపాటు చిన్న పుస్తకం కూడా ఉంటుంది. అందులో ఒక్కో కార్డుకూ రెండు మూడు వరుసల్లో పొడిపొడి మాటలు... కబురు, కలహం, ప్రయాణం, నిరాశ, లాభం. ఇంకేం... కొత్త నోటుపుస్తకం తీసి, రంగురంగుల పెన్నులతో అన్నీ రాసుకుని, పరీక్షలకు చదివినట్టు చదివేస్తారు. పది రోజుల తర్వాత కట్ట కలిపి ఒక కార్డు తీస్తే, అందులో నల్లటి దుప్పటి కప్పుకుని తల వంచుకున్న మనిషి కనిపిస్తాడు. 'ఇదేమిటబ్బా... మొన్ననే చదివానే!' అనుకోవడమే తప్ప అర్థం మాత్రం గుర్తుకురాదు.

అలాగని బట్టీ పట్టడం మనకు కొత్తేం కాదు. ప్రభవ, విభవ, శుక్ల... అంటూ 60 తెలుగు సంవత్సరాలూ, అశ్విని, భరణి, కృత్తిక... అంటూ 27 నక్షత్రాలూ గడగడా అప్పజెప్పినవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆ పెద్దవాళ్లనే ఉన్నట్టుండి 'ముప్ఫై ఏడో సంవత్సరం పేరేంటి?' అని అడిగి చూడండి. ప్రభవ దగ్గర మొదలుపెట్టి వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటూ వెళ్తే గానీ శోభకృత్ దగ్గరకు చేరరు. వరుసలో నేర్చుకున్నది వరుసలోనే వస్తుంది. టారోలో చిక్కంతా ఇక్కడే. కార్డులను కలిపిన తర్వాత వరుస అనేదే ఉండదు. ఏ ముక్క పడితే ఆ ముక్కే నేరుగా పలకాలి. అందుకే ఇక్కడ ఎక్కాల పద్ధతి పనికిరాదు.

పేకాట తెలిస్తే సగం వచ్చినట్టే

టారో పుట్టింది జోస్యం కోసం కాదు, ఆడుకోవడం కోసం. 1440ల నాటికే ఉత్తర ఇటలీలో ఈ కార్డులున్నాయి. మిలాన్ ప్రభువులు బంగారు రేకులు అద్దించి మరీ గీయించుకున్న కట్టలు కొన్ని ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. అప్పటికే వాడుకలో ఉన్న పేకముక్కలకు 22 బొమ్మకార్డులు అదనంగా చేర్చారు. వాటిలో ఎక్కువభాగం మిగతా ముక్కలను కొట్టే కార్డులు. మన పేకాట భాషలో చెప్పాలంటే తురుపు ముక్కలన్నమాట! ఫ్రాన్స్‌లో ఇప్పటికీ టారో అంటే చాలామందికి గుర్తొచ్చేది నలుగురు కూర్చుని ఆడుకునే పేకాటే.

ఈ సంగతి తెలిస్తే కట్ట స్వరూపం ఇట్టే అర్థమవుతుంది. ఆ 22 బొమ్మకార్డులనూ 'మేజర్ ఆర్కానా' అంటారు. మిగతా 56 'మైనర్ ఆర్కానా'. ఆర్కానా అంటే రహస్యాలు. పేరు గంభీరంగా ఉంది కానీ ఆ యాభై ఆరూ అచ్చంగా మన పేకముక్కలకు అన్నదమ్ములే. నాలుగు రంగులు. ఒక్కో రంగులో ఆసు నుంచి పది దాకా అంకెలు, ఆపైన కొలువు మనుషులు. మన పేకలో జాకీ, రాణి, రాజు... ముగ్గురే. టారోలో నలుగురు. సేవకుడు, గుర్రపు రౌతు, రాణి, రాజు.

రంగుల పేర్లు వాండ్స్, కప్స్, స్వోర్డ్స్, పెంటకిల్స్. అంటే కర్రలు, పాత్రలు, కత్తులు, నాణేలు. ఇవి కూడా మరీ పరాయివేం కాదు. ఇంగ్లిష్‌లో 'స్పేడ్' అనే మాట ఇటాలియన్‌లో కత్తి అని అర్థమిచ్చే పదం నుంచి వచ్చింది. కాబట్టి ఇస్పేటును చూస్తే కత్తులు గుర్తుకురావాలి. ఆఠీను హృదయం... అంటే పాత్రలు. డైమను డబ్బు... అంటే నాణేలు. మిగిలిన కళావరు కర్రలు. టారో నేర్పేవాళ్లు సాధారణంగా చెప్పే పోలిక ఇదే.

ఒక్కో రంగుకూ ఒక్కో భూతాన్ని జతచేశారు పాశ్చాత్యులు. కర్రలు నిప్పు. ఉత్సాహం, పట్టుదల, పని మొదలుపెట్టే చొరవ వీటి కిందికి వస్తాయి. పాత్రలు నీరు. ప్రేమలు, అనుబంధాలు, కన్నీళ్లు వీటివి. కత్తులు గాలి. ఆలోచన, మాట, తగువు వీటి పాలు. నాణేలు నేల. డబ్బు, ఇల్లు, ఉద్యోగం, ఒళ్లు వంచి చేసే పని వీటిలో కనిపిస్తాయి. పంచభూతాలు తెలిసిన మనకు ఇందులో లేనిది ఆకాశం ఒక్కటే!

ఇప్పుడు అంకెలు. ఒకటి ఆరంభం. రెండు జంట, లేదా రెండింటి మధ్య ఊగిసలాట. మూడు పెరుగుదల. నాలుగు స్థిరత్వం. ఐదు ఒడుదొడుకు. ఆరు కోలుకోవడం. ఏడు పరీక్ష. ఎనిమిది కదలిక, సాధన. తొమ్మిది గమ్యానికి దగ్గరపడటం. పది పూర్తికావడం. పుస్తకాన్ని బట్టి మాటలు అటూఇటూ అయినా దాదాపు ఇదే వరుస.

లెక్క చూడండి. నాలుగు రంగులు, పది అంకెలు, నలుగురు మనుషులు. మొత్తం 18 సంగతులు తెలిస్తే 56 కార్డుల తలుపులు తెరుచుకున్నట్టే. నాణేల ఐదు పడిందనుకోండి. నాణేలంటే డబ్బు, ఐదంటే ఒడుదొడుకు. అంటే చేతిలో పైసలాడని కాలం. పాత్రల పది? అనుబంధాలు నిండుగా పండటం. కత్తుల పది? తగువో వేదనో చివరికంటా రావడం. ఇక దానికి మించి జరగడానికేం లేదు!

మన పూర్వికులకూ ఈ కిటుకు తెలుసు. దశావతార గంజిఫా ఆటలో ముక్కలు 120. పది అవతారాలు, ఒక్కో అవతారానికి 12 చొప్పున ముక్కలు కాబట్టి ఆడేవాళ్లకు అది భారం అనిపించలేదు. నిర్మల్ చిత్రకారులు అలాంటి గంజిఫా ముక్కలకు రంగులద్దినవాళ్లే.

ఆమె గీసింది కాబట్టే...

సూత్రాలు బాగానే ఉన్నాయి. కానీ కత్తుల మూడు తీసుకుంటే మూడంటే పెరుగుదల, కత్తులంటే ఆలోచన... లెక్కప్రకారం మంచి కార్డే కావాలి. తీరా చూస్తే ఎర్రటి గుండెకాయలోకి మూడు కత్తులు దిగి ఉంటాయి. వెనక మబ్బులు, వాన. చూసిన మరుక్షణం ఇది గుండెకోత అని పసిపిల్లలైనా చెప్పేస్తారు. సూత్రం తడబడినచోట బొమ్మ చెయ్యి పట్టుకుని నడిపిస్తుందన్నమాట.

ఆ బొమ్మలు గీసిన మనిషి పేరు పమేలా కోల్‌మన్ స్మిత్. లండన్‌లో 1878లో పుట్టింది. తల్లిదండ్రులు అమెరికన్లు. బాల్యంలో కొంతకాలం జమైకాలో గడిపి, అక్కడి జానపద కథలు నేర్చుకుని, తర్వాత వాటిని పుస్తకంగా తెచ్చింది. న్యూయార్క్‌లో చిత్రలేఖనం చదివింది. లండన్ నాటకరంగంతోనూ ఆమెకు దగ్గరి పరిచయం ఉంది. 1909లో ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అనే రచయిత ఒక కొత్త టారో కట్టకు బొమ్మలు గీయమని ఆమెను అడిగాడు. విలియం రైడర్ అండ్ సన్ అనే లండన్ ప్రచురణ సంస్థ దాన్ని అచ్చువేసింది.

అంతకుముందు వాడుకలో ఉన్న దాదాపు అన్ని కట్టల్లోనూ అంకెల కార్డులు మామూలు పేకముక్కల్లాగే ఉండేవి. ఐదు పాత్రలంటే ఐదు పాత్రల బొమ్మలే, అంతే. చూసి గుర్తుపెట్టుకోవడానికి అందులో ఏమీ ఉండేది కాదు. పమేలా ఆ 40 అంకెల కార్డుల్లో చాలావాటిలో మనుషుల్ని నిలబెట్టింది. ఒక్కో కార్డూ ఒక నాటకంలోని దృశ్యంలా మారిపోయింది. కర్రల పదిలో పది కర్రలూ వాటేసుకుని నడుం వంగిపోయి నడుస్తున్న మనిషి. చేయగలిగిన దానికన్నా ఎక్కువ నెత్తికెత్తుకున్నవాళ్లంతా అతనిలో తమను చూసుకోవచ్చు. నాణేల నాలుగులో ఒక నాణేన్ని గుండెలకు హత్తుకుని, రెండింటిని కాళ్లకింద తొక్కిపట్టి కదలకుండా కూర్చున్న పిసినారి. కత్తుల తొమ్మిదిలో అర్ధరాత్రి లేచి మంచంమీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్న మనిషి. కత్తుల ఏడులో ఐదు కత్తులు చంకన పెట్టుకుని పిల్లిలా జారుకుంటున్నవాడు!

కొలువు మనుషుల్లోనూ అంతే. నలుగురు రౌతుల తేడాలు చదివి గుర్తుపెట్టుకోనక్కర్లేదు. గుర్రాల్ని చూస్తే చాలు. కత్తుల రౌతు గుర్రం గాలిలో దూసుకుపోతుంటుంది. కర్రల రౌతుది ముందుకాళ్లు ఎత్తి ఉరకడానికి సిద్ధంగా ఉంటుంది. పాత్రల రౌతుది నెమ్మదిగా అడుగులేస్తుంది. నాణేల రౌతుది నిలబడిన చోటు నుంచి కదలదు. దూకుడు, ఉత్సాహం, భావుకత, నిలకడ... నాలుగు స్వభావాలకూ నాలుగు గుర్రాలు.

ప్రపంచంలో టారో నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది మొదలుపెట్టేది ఈ కట్టతోనే. తర్వాత వచ్చిన ఎన్నో కట్టలకు ఇదే మూలం. కానీ దశాబ్దాలపాటు దానికి ఉన్న పేరు 'రైడర్-వెయిట్'. అచ్చువేసినవారి పేరుంది, రాసినవారి పేరుంది, గీసిన మనిషి పేరు లేదు! ఇంత పెద్ద పనికి చేతికొచ్చింది చాలా తక్కువని 1909లోనే ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో పమేలా చెప్పుకుంది. 1951లో ఇంగ్లండ్‌లోని బ్యూడ్ అనే ఊళ్లో చనిపోయేనాటికి ఆమెకు మిగిలినవి అప్పులే. ఇప్పుడిప్పుడే ఆ కట్ట పేరు చివర 'స్మిత్' అని చేర్చి పిలుస్తున్నారు. కార్డుల అడుగున ఓ మూల మెలికలు తిరిగిన చిన్న గుర్తు కనిపిస్తే అది ఆమె సంతకమే.

22 మజిలీల ప్రయాణం

పెద్ద కార్డులు 22. వీటికి రంగులూ లేవు, రాజూ రాణీ వరసలూ లేవు. మరెలా? కథ అల్లుకోవడమే. కథానాయకుడు సున్నా అంకె ఉన్న 'ఫూల్'. భుజాన మూట, చేతిలో తెల్ల గులాబీ, పక్కన కుక్కపిల్ల. ఆకాశంలోకి చూస్తూ కొండ అంచుకు వచ్చేశాడు. లోకం తెలియని అమాయకుడు. మిగతా 21 కార్డులూ అతని ప్రయాణంలోని మజిలీలు అనుకోవడం టారో నేర్పేవాళ్లు ఎక్కువగా వాడే ఉపాయం.

ముందు మెజీషియన్ ఎదురవుతాడు. అతని బల్లమీద కర్ర, పాత్ర, కత్తి, నాణెం... నాలుగూ ఉంటాయి. నీ దగ్గర అన్నీ ఉన్నాయి, వాడుకో అన్నట్టు. తర్వాత మౌనంగా కూర్చున్న హై ప్రీస్టెస్. పండిన చేను ముందు తల్లిలాంటి ఎంప్రెస్. రాతి సింహాసనం మీద తండ్రిలాంటి ఎంపరర్. ఇలా పెరిగి పెద్దవాడవుతూ, ప్రేమలో పడి, రథమెక్కి, సింహం నోరు మూయించే నేర్పు సాధించి, చివరికి లాంతరు పట్టుకున్న ముసలి హెర్మిట్ దగ్గర ఏకాంతం నేర్చుకుంటాడు.

రెండో సగంలో పరీక్షలు మొదలవుతాయి. 12వ కార్డులో ఒంటికాలి మీద తలకిందులుగా వేలాడే మనిషి ఉంటాడు. భయపడకుండా అతని ముఖం చూడండి. ఎంత ప్రశాంతంగా ఉంటుందో! ఆగి, లోకాన్ని మరోవైపు నుంచి చూడటం అని దీని అర్థం. 13వది డెత్. తెల్లగుర్రం మీద కవచం తొడుక్కున్న అస్థిపంజరం. పాత ఫ్రెంచి కట్టల్లో ఈ కార్డుకు పేరు కూడా రాసేవారు కాదు. కానీ బొమ్మలో వెనక్కి చూస్తే రెండు గోపురాల మధ్య సూర్యుడు కనిపిస్తాడు. ఒకటి ముగిస్తేనే మరొకటి మొదలవుతుందని టారో నేర్పేవాళ్లు దీన్ని వివరిస్తారు. 16లో పిడుగుపడి కూలే బురుజు, వెంటనే 17లో చుక్కల కింద నీళ్లు పోస్తున్న స్త్రీ. విపత్తు తర్వాత ఊరట. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాన్ని ఇంకొకటి గుర్తుచేస్తుంది. ఆఖరున 21వ కార్డు, ఆకుల దండ మధ్య నాట్యం చేసే స్త్రీతో 'వరల్డ్'. ప్రయాణం పూర్తయింది.

ఇంతకీ ఈ అర్థాలు ఎవరివి?

ఈ ప్రశ్న వేసుకోకుండా ఎన్ని కార్డులు నేర్చుకున్నా చదువు సగమే. టారో పుట్టాక మూడు వందల ఏళ్లకు పైగా అది ప్రధానంగా ఆటే. 1781లో కోర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి పండితుడు ఇది పేకాట కాదనీ, ప్రాచీన ఈజిప్టు పూజారుల జ్ఞానమంతా ఈ బొమ్మల్లో దాగి ఉందనీ రాశాడు. ఆధారం? ఏమీ లేదు. అప్పటికి ఈజిప్టు బొమ్మల లిపిని చదవగలిగినవారే లేరు. షాంపోలియన్ ఆ లిపి గుట్టు విప్పింది 1822లో. చదివాక అందులో టారో ఊసే కనిపించలేదు. ఈలోపే ఎతేలా అనే కలంపేరుతో మరో ఫ్రెంచి ఆయన టారోతో జోస్యం చెప్పడం ఎలాగో 1785లో పుస్తకం రాసేశాడు.

వెయిట్ కూడా తనకు నచ్చిన మార్పులు చేశాడు. పాత కట్టల్లో 8వ కార్డు న్యాయం, 11వది బలం. ఆయన వాటిని తారుమారు చేశాడు. ఇప్పుడు చాలా కట్టల్లో ఆ వరుసే కొనసాగుతోంది. అంటే ఈ అర్థాలు ఆకాశం నుంచి ఊడిపడినవి కావు. ఒకరు రాస్తే మరొకరు దిద్దినవి. అందుకే రెండు పుస్తకాల్లో ఒకే కార్డుకు రెండు అర్థాలు కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. ఒక పుస్తకాన్ని ఎంచుకుని ముందు దాన్నే పూర్తిచేయడం మేలు. తలకిందుల అర్థాల జోలికి మొదట్లో వెళ్లకపోయినా నష్టంలేదు. వాటిని అసలు లెక్కలోకే తీసుకోనివాళ్లూ ఉన్నారు.

చూడండి... మూయండి... చెప్పండి

మరపు గురించి మొట్టమొదట లెక్కలు వేసినవారు జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్. అర్థంలేని అక్షరాల గుంపులను తనే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నదీ రాసుకుని 1885లో పుస్తకం వేశారు. మొదటి కొద్ది గంటల్లోనే చాలాభాగం జారిపోతుందని, మిగిలింది నెమ్మదిగా తగ్గుతుందని తేలింది. అర్థం తెలియకుండా చదివిన కార్డుల గతీ అంతే. బొమ్మల సంగతి వేరు. 1967లో రోజర్ షెపర్డ్ చేసిన ప్రయోగంలో సుమారు 600 చిత్రాలను ఒక్కసారి చూపించి, తర్వాత రెండేసి చిత్రాలిచ్చి ఏది చూశారని అడిగితే నూటికి తొంభైకి పైగా సరిగ్గా గుర్తుపట్టారు.

అయితే గుర్తుపట్టడం వేరు, అర్థం గుర్తుకుతెచ్చుకోవడం వేరు. రెండోదానికి సాధన కావాలి. ఇలా చేసి చూడండి.

రోజుకో కార్డు చాలు. పొద్దున్నే ఒకటి తీసి, పుస్తకం తెరవకుండా ఒక నిమిషం చూడండి. ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, వెనక ఏముంది... కథలా పైకి చెప్పండి. ఆ తర్వాతే పుస్తకం.

మీ మాటల్లో ఒక్క వాక్యం రాసుకోండి. పాత్రల ఐదు సంగతే చూడండి. తల వంచుకున్న మనిషి ముందు మూడు పాత్రలు ఒలికిపోయి ఉంటాయి. అతని వెనక రెండు నిండుగా నిలబడి ఉంటాయి. 'పోయినదాన్ని చూస్తూ ఉన్నదాన్ని మరచిపోవడం'... ఇలా మీకు మీరే రాసుకున్నది పుస్తకంలోని పది మాటలకన్నా గట్టిగా నిలుస్తుంది. అక్కడ మీకు తెలిసిన మనిషి ఒకరు గుర్తుకొస్తే మరీ మంచిది.

చదవడం తగ్గించి, అడగడం పెంచండి. రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో విద్యార్థులపై చేసిన అధ్యయనం ఇదే చెబుతోంది. ఐదు నిమిషాల తర్వాత పరీక్షపెడితే మళ్లీమళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత మాత్రం చదివింది మూసేసి గుర్తుతెచ్చుకున్నవాళ్లు ముందున్నారు. కార్డు తీసి, ముందు మీరు చెప్పి, ఆపై సరిచూసుకోండి.

మూడు పెట్టెలు పెట్టుకోండి. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1970లలో ప్రచారం చేసిన పద్ధతికి ఇది చిన్నరూపం. తప్పు చెప్పిన కార్డులు మొదటి పెట్టెలో... రోజూ చూడాలి. సరిగ్గా చెప్పినవి రెండో పెట్టెలోకి... మూడు రోజులకోసారి. మళ్లీ సరిగ్గా చెబితే మూడో పెట్టె... వారానికోసారి. తప్పితే మళ్లీ మొదటికే. పిల్లల పదో తరగతి చదువుకీ ఇదే పెట్టె పనికొస్తుంది!

రోజుకొకటి చొప్పున 78 రోజులు. రెండున్నర నెలల్లో కట్ట మొత్తం పరిచయమైపోతుంది.

అర్థం గుర్తుంది... మరి మనిషి?

కార్డులన్నీ వచ్చేశాయి. ఇంట్లోవాళ్లకో, స్నేహితులకో చెప్పడం మొదలైంది. 'అచ్చం నా సంగతే చెప్పావు' అంటారు వాళ్లు. అది కార్డు మహిమేనా? 1948లో అమెరికన్ మనస్తత్వవేత్త బెర్ట్రమ్ ఫోరర్ తన విద్యార్థులకు ఒక పరీక్షపెట్టి, ఎవరి స్వభావం వారికి రాసిచ్చానని కాగితాలు పంచారు. ఎంత బాగా సరిపోయిందో ఐదుకు మార్కులేయమంటే సగటున నాలుగుకు పైనే వచ్చాయి. అసలు విషయం ఏమిటంటే, అందరికీ ఇచ్చింది ఒకే కాగితం! అందులోని వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకం నుంచి తీసినవే. ఎవరికైనా అతికే మాటను మన కోసమే అన్నారనుకోవడం మనిషి నైజం. చిలక తీసిన కార్డు చూసి జోస్యుడు చెప్పే మాటకు తలూపేటప్పుడూ జరిగేది అదే.

కాబట్టి కార్డు రేపటిని చూపిస్తుందనడానికి ఆధారం లేదు. అయినా దాన్ని ఒక ప్రశ్నగా వాడుకోవచ్చు. కర్రల పది చూసి 'నువ్వు మోస్తున్న బరువుల్లో దించుకోగలిగింది ఏదైనా ఉందా?' అని అడిగితే మనసులో మాట బయటికి రావచ్చు. అదే కార్డు చూసి 'నీకు కష్టాలు రాబోతున్నాయి' అంటే మిగిలేది దిగులే. జబ్బు, అప్పు, పెళ్లి, కోర్టు వ్యవహారం... ఇలాంటివాటికి డాక్టరో లాయరో ఇంటి పెద్దలో కావాలి గానీ కత్తుల ఏడు కాదు. కార్డులో కీడు కనిపించిందని, పరిహారానికి ఇంత ఖర్చవుతుందని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే ఉత్తమం.

78 అర్థాలూ నోటికొచ్చినవారు నేర్చుకోవాల్సింది ఇంకొకటి మిగిలే ఉంటుంది. డెత్ కార్డు పడగానే ఎదుటి మనిషి ముఖం పాలిపోయిందా, కళ్లు చెమర్చాయా అని చూడటం. కార్డు అర్థం మరచిపోతే పుస్తకం తిరగేయొచ్చు. భయంతో కూర్చున్న మనిషికి తొందరపడి ఒక మాట చెబితే మాత్రం దాన్ని వెనక్కి తీసుకోలేం. ఆ మాటను వాళ్లు ఏ బట్టీ పట్టకుండానే ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు.